అమ్మకు ఫంక్షనల్ మెడిసిన్: ఏ మెట్టు దాకా వెళ్లవచ్చు?

నమస్కారం. మా అమ్మకు 54 ఏళ్లు. మొన్నటి పరీక్షలో హెచ్‌బీఏ1సీ (రక్తంలో రెండు మూడు నెలల సగటు చక్కెర) 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు మధుమేహానికి ముందు దశ అంటారు కదా, అక్కడ ఉందన్నమాట. థైరాయిడ్ మాత్ర ఎప్పటినుంచో వేసుకుంటోంది.

ఫంక్షనల్ మెడిసిన్ (జబ్బు మూలకారణాన్ని ఆహారం, జీవనశైలిలో వెతుకుతామనే పద్ధతి) వైద్యురాలు ఒకరు మెట్లు మెట్లుగా చెప్పారు. మొదట మూడు వారాలు గోధుమ, పాలు, పెరుగు, పంచదార పూర్తిగా మానాలి. తర్వాత ఒక్కొక్కటే తిరిగి తింటూ ఏది ఒంటికి పడడం లేదో చూడాలి. ఆపైన నడక, నిద్ర. ఇంతవరకు సబబే. కానీ పెరుగన్నం లేనిదే అమ్మకు భోజనం ముగిసినట్టు ఉండదు. చేయి కడగకుండా కంచం ముందు అలాగే కూర్చుంటోంది.

అసలు చిక్కు తర్వాతి మెట్టు: ఐజీజీ ఆహార పరీక్ష (ఏ ఆహారం పడదో రక్తంలోని యాంటీబాడీలను బట్టి చెబుతామనేది), డబ్బాల కొద్దీ సప్లిమెంట్లు. ఆ పరీక్షను అలర్జీ నిపుణుల సంఘాలే వద్దంటున్నాయి. డబ్బాల్లో ఒకటి బయోటిన్ అనే బి విటమిన్. అది థైరాయిడ్ పరీక్ష ఫలితాలను తారుమారు చేయగలదు. కాల్షియం మాత్రకూ థైరాయిడ్ మాత్రకూ నాలుగు గంటల ఎడం కావాలి. ఇవేవీ ఆ వైద్యురాలు అడగలేదు, చెప్పలేదు.

ఈ పద్ధతి పాటించినవారు చెప్పండి. పెరుగుకు బదులు ఏం పెట్టారు? మానినవాటిని ఎన్నెన్ని రోజుల ఎడంతో తిరిగి మొదలుపెట్టారు? ఏ పరీక్ష నిజంగా పనికొచ్చింది? సప్లిమెంట్లు అమ్మేవారు మాత్రం దయచేసి జవాబివ్వకండి.