వేయిపడగలు, గబ్బిలం: రచయిత బతుకు తెలిసే చదవాలా?

పాతపుస్తకాల బండి:
విశ్వనాథ సత్యనారాయణ 1895 సెప్టెంబరు 10న నందమూరులో పుట్టారు. గుర్రం జాషువా అదే నెల 28న వినుకొండలో పుట్టారు. ఒకరిది కృష్ణకు ఇవతల, ఇంకొకరిది అవతల. అదే దొరల పాలన, అదే గాంధీ గాలి. చివరికి ఇద్దరికీ పద్మభూషణ్ కూడా 1970లోనే వచ్చింది. కానీ ఒకాయన 1934లో ‘వేయిపడగలు’ నవల రాసి వర్ణాశ్రమ ధర్మం కూలిపోతోందని కుమిలిపోయారు. ఇంకొకాయన 1941లో ‘గబ్బిలం’ కావ్యం రాసి, ఆ ధర్మమే మనిషిని గుడి బయట నిలబెట్టిందని నిలదీశారు. రచయితను కాలమే తయారుచేస్తుందని మనవాళ్ళు ఊరికే అనేస్తుంటారు. అదే నిజమైతే ఇద్దరూ దాదాపు ఒకే మాట చెప్పాలి కదా? సొంత బతుకే రాజకీయం రాయిస్తుందని నేనంటాను. కాదనేవాళ్ళు రండి.

బందరు బాబాయ్:
తమ్ముడూ, మీ లెక్క విశ్వనాథ దగ్గరే తప్పుతుంది. వాళ్ళ నాన్న శోభనాద్రి గారు ఉన్న ఆస్తంతా దానధర్మాలకు కరగేశారు. విశ్వనాథ లేమిలో పెరిగినవాడే. మరి ఆ లేమి ఆయన్ని తిరుగుబాటు వైపు ఎందుకు తోయలేదు? బతుకు కంటే చదువూ, గురువూ ముఖ్యం. సంప్రదాయ పద్యకవి చెళ్ళపిళ్ళ వారి శిష్యుడు అలాగే రాస్తాడు.

వినుకొండ గాలి:
బాబాయ్ గారూ, అదే చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు స్వయంగా జాషువా కాలికి గండపెండేరం, అంటే గొప్ప కవికి తొడిగే గౌరవ కడియం, తొడిగారు. గురువు గారే కులం గీత దాటి వచ్చారు. శిష్యుడి రాజకీయానికి ఆయన్ని సాక్ష్యం పిలిస్తే ఎలా?

లేమి సంగతికి వద్దాం. ఉన్నది పోగొట్టుకున్నవాడి బాధ వేరు, అసలు గడపే ఎక్కనివ్వనివాడి బాధ వేరు. విశ్వనాథ ఇంట్లో పోయింది ఆస్తి. పోక ముందు ఆ ఇల్లు పదిమందికి అన్నం పెట్టింది. అందుకే ఆయనకు పాత వ్యవస్థ అనగానే పెట్టే చెయ్యి గుర్తొస్తుంది. ‘వేయిపడగలు’లో ధర్మానికి గుర్తుగా నిలిచిన పాముకు ఒక్కొక్క పడగా రాలిపోయి చివరికి రెండే మిగలడం చూడండి, ఆ దుఃఖంలో దొంగతనం లేదు. నేను ఆ రాజకీయాన్ని ఒప్పుకోను గానీ, ఆ దుఃఖాన్ని మాత్రం నమ్ముతాను.

జాషువా తండ్రి యాదవుడు, తల్లి మాదిగ, ఇల్లు క్రైస్తవం. పురాణాలు చదివి పద్యాలు కడుతున్నాడని సొంత మతంవాళ్ళు కస్సుమన్నారు, అంటరానివాడని హిందువులు దూరం పెట్టారు. ఆయన పద్యం ఒకటుంది. ఒకాయన కవిత విని భళీ భళీ అని మెచ్చుకుని, ఆ నోటితోనే ‘మీదే కులం’ అని అడిగి, జవాబు వినగానే చివుక్కున లేచిపోతాడు. బాకుతో పొడిచినట్లయిందంటాడు కవి. ఇది ఏ పుస్తకంలో చదివి రాస్తారండీ?

‘గబ్బిలం’లో తంజావూరు పేదవాడు గబ్బిలంతో శివుడికి కబురు పంపుతాడు. తనకు ప్రవేశం లేని గర్భగుడిలో గబ్బిలం తలకిందులుగా వేలాడొచ్చు, శివుడి చెవి దానికి దగ్గర. పూజారి లేని వేళ చూసి చెప్పమంటాడు. ఏం చెప్పమంటాడు? ‘విన్నవింపుము నాదు జీవిత చరిత్ర’. బతుకును పక్కన పెట్టి ఈ కావ్యం చదవమంటే ఇక ఏం చదవాలి?

తెనాలి టు టెక్సాస్:
గాలి గారూ, ఆ ‘నాదు’ ఎవరిది? చెప్పులు కుట్టుకునే తంజావూరు మనిషిది. జాషువా చెప్పులు కుట్టలేదు. గుంటూరులో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పారు, అంతకుముందు రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ చెప్పారు. తెలుగు కవిత్వాన్ని నాయకరాజులు నెత్తిన పెట్టుకున్న తంజావూరునే కథకు ఎంచుకోవడం, కాళిదాసు ‘మేఘదూతం’ పద్ధతిని తీసుకుని మేఘం బదులు గబ్బిలాన్ని పంపడం, ఇవన్నీ గాయం చేసిన పనులు కావు. కావ్యం తెలిసినవాడి ప్లానింగ్.

నా కంప్లైంట్ ఇంకొకటి ఉంది. విశ్వనాథ రాస్తే ‘భారతీయ ధర్మం’ అంటాం. జాషువా రాస్తే ‘అనుభవం’ అంటాం. జీవితచరిత్ర ఎప్పుడూ ఒకరికే ఎందుకు అతికిస్తాం? 1932లో జాషువా పారశీక కవి మీద ‘ఫిరదౌసి’ రాశారు. కావ్యం రాస్తే బంగారు నాణేలిస్తానన్న గజనీ మహమూదు చివరికి వెండి చేతిలో పెడతాడు. పనివాడి కూలి ఎగ్గొట్టిన రాజు కథ అది, పక్కా రాజకీయం. దాని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ, ఎందుకంటే అందులో కులం కనిపించదు. ‘విశ్వనరుడ నేను’ అని చెప్పుకున్న మనిషిని పట్టుకుని ప్రతి పుస్తకానికీ ‘మీదే కులం’ అని మళ్ళీ మనమే అడుగుతున్నాం. ఈసారి గౌరవంగా అడుగుతున్నాం, అంతే.

రాత్రిపూట రీడర్:
మధ్యలో దూరుతున్నా, సారీ. శ్రీశ్రీని మర్చిపోయారు. ‘మహాప్రస్థానం’ గీతాలు రాసేనాటికి తనకు మార్క్సిజం తెలియదని ఆయనే చెప్పుకున్నాడు. సిద్ధాంతం తర్వాత వచ్చింది. ముప్పైల నాటి ఆకలీ నిరుద్యోగమూ ముందు వచ్చాయి. కాబట్టి కాలానికి ఒక ఓటు.

పాతపుస్తకాల బండి:
టెక్సాస్ గారి పాయింట్ గట్టిదే. అయినా బతుకును చదవడం మానేయడం దానికి మందు కాదు, ఇద్దరికీ సమానంగా చదవాలి. 1933 డిసెంబరులో అంటరానితనానికి వ్యతిరేకంగా గాంధీ చేసిన హరిజన యాత్ర బెజవాడ మీదుగా వెళ్ళింది. మరుసటేడే ‘వేయిపడగలు’. ఆ గాలి విశ్వనాథ కిటికీకి తగల్లేదనుకోను. తగిలాక ఆయన ఏ తలుపు వేసుకున్నారన్నది ఆయన పుట్టిన ఇంటికి సంబంధించిన ప్రశ్నే. అది కూడా ‘అనుభవమే’.

తెనాలి టు టెక్సాస్:
అలా అయితే ఓకే. మరి ఆ పరీక్ష పెట్టండి. ‘వేయిపడగలు’ కథ జరిగే అంత పెద్ద సుబ్బన్నపేటలో మాలమాదిగల ఇళ్ళలోకి కథ ఎన్నిసార్లు వెళ్ళింది, వెళ్ళినప్పుడు ఎంతసేపు కూర్చుంది?

బందరు బాబాయ్:
వెళ్ళాలని రూలేమీ లేదు బాబూ. ఆ నవల కథానాయకుడు ధర్మారావు కళ్ళతో నడుస్తుంది, ఆయన కంటికి ఆనినంతే అందులో ఉంటుంది. అది లోపమని మీరంటారు, నిజాయితీ అని నేనంటాను. పుస్తకం ఇంట్లోనే ఉంది, రేపు తిరగేసి పేజీ నంబర్లతో వస్తా.