చిప్ మీది కాంతి సెన్సర్‌కు అణువు ఏదో ఎలా తెలుస్తుంది?

ప్రశ్న (డిగ్రీ కళాశాల భౌతికశాస్త్ర అధ్యాపకురాలు, నల్లగొండ):
రక్తంలోని ప్రొటీన్లను ఏ రంగూ కలపకుండా, బంగారు పూత మీద కాంతిని ప్రసరింపజేసి గుర్తించే సెన్సర్ల గురించి తరగతిలో చెప్పినప్పుడు విద్యార్థులు రెండు ప్రశ్నలు వేశారు. ఎదుట ఉన్న అణువు ఏదో కాంతికి ఎలా తెలుస్తుంది? అదే చిప్‌తో మన బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌ను కొలవవచ్చా?

జవాబు (జీవరసాయన పరిశోధక విద్యార్థి, మహబూబ్‌నగర్):
మేడమ్, నమస్కారం. అణువును గుర్తుపట్టేది కాంతి కాదు, బంగారం మీద అతికించిన ప్రతిదేహం (యాంటీబాడీ), అంటే ఒక నిర్దిష్ట ప్రొటీన్‌ను మాత్రమే పట్టుకునే అణువు. సుమారు 50 నానోమీటర్ల మందమున్న బంగారు పొర మీద పట్టకం గుండా ఒకానొక కోణంలో కాంతి పడినప్పుడు, దాని శక్తి పొరలోని ఎలక్ట్రాన్ల కంపనాలకు చేరి, పరావర్తన కాంతి బాగా తగ్గిపోతుంది. ప్రతిదేహం తన ప్రొటీన్‌ను పట్టుకోగానే అక్కడి వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే సంఖ్య) స్వల్పంగా మారి ఆ కోణం జరుగుతుంది. మనం కొలిచేది ఆ జరుగుదలనే. ఈ పద్ధతిని ప్రొటీన్ల గుర్తింపుకు వాడవచ్చని 1983లో స్వీడన్ పరిశోధకులు చూపారు.

పరికరాన్ని చిన్నది చేయడం కన్నా ఉపరితలాన్ని శుభ్రంగా ఉంచడమే కష్టమని నా అభిప్రాయం. రక్తద్రవంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ లీటరుకు 35 నుంచి 50 గ్రాములు ఉంటుంది, గుండె కండరం దెబ్బతిన్నదని చెప్పే ట్రోపోనిన్ నానోగ్రాములలోనే ఉంటుంది. అల్బుమిన్ కొద్దిగా అంటుకున్నా అసలు సంకేతం దాని కింద మునిగిపోతుంది.

జవాబు (నీటి పరీక్షల ప్రయోగశాల టెక్నీషియన్, దేవరకొండ):
ఫ్లోరైడ్‌కు ఆ చిప్ నేరుగా పనికిరాదు మేడమ్. అల్బుమిన్ అణుభారం 66,000 పైచిలుకు, ఫ్లోరైడ్ అయాన్‌ది 19. అది వచ్చి చేరినా వక్రీభవన గుణకం దాదాపు కదలదు. మేము చేసే స్పాడ్న్స్ (ఒక రంగు పదార్థం పేరు) పరీక్ష కూడా కాంతితోనే, అయితే అందులో రంగు ఉంటుంది. ఫ్లోరైడ్ పెరిగిన కొద్దీ జిర్కోనియం రంగు ద్రావణం వెలిసిపోతుంది, దాన్ని 570 నానోమీటర్ల వద్ద కొలుస్తాం. మన జిల్లా పిల్లలకు ఈ పరీక్షను తప్పక చూపించండి.

ప్రొటీన్ చిప్‌ను మన ఆరోగ్య కేంద్రాలలో పెట్టాలంటే ఎండాకాలాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. వేడి ఒక డిగ్రీ పెరిగితే నీటి వక్రీభవన గుణకం సుమారు 0.0001 తగ్గుతుంది, అసలు సంకేతం అంతకన్నా చిన్నది కావచ్చు.

ప్రశ్న (అధ్యాపకురాలు):
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆ వేడి ప్రభావాన్ని ఎలా తీసివేస్తారు?

జవాబు (పరిశోధక విద్యార్థి):
అదే చిప్‌పై ప్రతిదేహం లేని మరో చోటును ఉంచుతారు మేడమ్. వేడి రెండు చోట్లనూ ఒకేలా కదిలిస్తుంది కాబట్టి ఒకదాని నుంచి మరొకటి తీసివేస్తే ప్రొటీన్ వల్ల వచ్చిన మార్పు మిగులుతుంది.