పొద్దున ఒకచోట, సాయంత్రం ఒకచోట: ఎయిర్ రైఫిల్ గురి నిలవడం లేదు

విల్లివాక్కం_నాన్న:

అందరికీ నమస్తే. మాది చెన్నై, విల్లివాక్కం. మా ఇంటికీ కాంపౌండు గోడకీ మధ్య ఉన్న సందు పొడవు 10 మీటర్లకు సరిపోతుంది. చివర పెల్లెట్లను (సీసపు గుళ్ళను) ఆపే ఇనుప ట్రాప్, దాని వెనక దిట్టమైన చెక్క, ఆ వెనక గోడ. నేనూ మా అమ్మాయీ అక్కడే ప్రాక్టీసు చేస్తాం. తుపాకీ బ్యారెల్ వంచి లోడు చేసే స్ప్రింగ్ రకం, .177 కొలత గొట్టం, పట్టుకునే స్టాక్ చెక్కది, పైన 3-9×40 స్కోపు (గురి చూసే దుర్భిణి). కొని 14 నెలలైంది.

ఆదివారం పొద్దున నేను జీరో చేస్తాను, అంటే స్కోపు గీతలు చూపినచోటే పెల్లెట్ పడేలా సరిచేస్తాను. అయిదు పెల్లెట్లూ రూపాయి బిళ్ళ కింద దాక్కునేంత దగ్గరగా పడతాయి. సాయంత్రం అమ్మాయి కాలిస్తే గ్రూపు (పెల్లెట్లు పడిన గుంపు) అంతే దగ్గరగా ఉంటుంది గానీ, రెండు సెంటీమీటర్లు కిందికీ కుడికీ జరిగిపోతుంది. స్కోపు నాబు తిప్పి సరిచేస్తే మర్నాడు నాకు పైకీ ఎడమకీ పోతుంది. వానలు మొదలయ్యాక ఇది మరీ ఎక్కువైంది. కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేశాను. ఆ రోజు టపాకాయలా చప్పుడు, పొగ, పెల్లెట్లన్నీ పైకి.

పొద్దున నేను బియ్యం పోసిన గుడ్డసంచి మీద ఆనించి కాలుస్తాను. అమ్మాయి ఎత్తు చాలదని దానికి స్టూలు మీద చెక్కపలక పెట్టాను.

మొన్న అమ్మాయి గురి కార్డు చేతిలో పట్టుకుని "నాకే చేతకావట్లేదేమో నాన్నా" అంది. దానికి పదమూడేళ్ళు. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. లోపం ఎక్కడుందో ఎవరైనా చెప్పండి.

వేళచ్చేరి_పీసీపీ:

పెల్లెట్ డబ్బా మారిందా చూడండి. పెల్లెట్ తల కొలత 4.50, 4.51 మిల్లీమీటర్లు అని డబ్బా మీద ఉంటుంది. ఆ తేడాకే నా రైఫిల్లో గురి మారింది. నాది గాలి నింపే రకం కాబట్టి నా ఇబ్బందులు వేరే: ప్రెషర్ పడిపోతే పెల్లెట్లు కిందికి రావడం, బ్యారెల్‌ను పట్టే బ్యాండ్ ఒకవైపు నెట్టడం. స్ప్రింగ్ తుపాకుల సంగతి పెద్దవాళ్ళు ఎవరైనా చెప్తే బాగుంటుంది.

పాత_ఫిట్టర్:

బాబూ, ముందు ఆ నాబు మీంచి చెయ్యి తియ్యండి. గ్రూపు చెదరలేదు, మొత్తంగా జరిగిందన్నారు. అసలు ఆనవాలు అదే. పెల్లెట్లు సరిపడకపోయినా, బ్యారెల్లో సీసం పేరుకున్నా ముందు గ్రూపు విచ్చుకుంటుంది. గ్రూపు గ్రూపుగానే ఉండి చోటు మారిందంటే తుపాకీలో ఏదో కదులుతోంది, లేదంటే మీరు పట్టే పద్ధతీ పాప పట్టే పద్ధతీ వేరు. మీ దగ్గర రెండూ ఉన్నాయనిపిస్తోంది.

లోపల గాలిని ఆపే పిస్టన్ సీలు పోయి వేగం తగ్గిందేమో అనుకుంటారు. ఈ చిన్న లెక్క చూడండి. సెకనుకు 250 మీటర్ల వేగంతో వెళ్ళే పెల్లెట్ 10 మీటర్లు దాటేసరికి దాదాపు 8 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. వేగం పదో వంతు తగ్గినా ఇంకో 2 మిల్లీమీటర్లే. మీ రెండు సెంటీమీటర్లు దాంతో రావు, పక్కకు జరగడం అసలే రాదు.

ఇప్పుడు ఆ చెక్కపలక సంగతి. స్ప్రింగ్ తుపాకీలో పిస్టన్ ముందుకు దూకగానే తుపాకీ వెనక్కి తంతుంది, పిస్టన్ చివర గుద్దుకోగానే ముందుకు తంతుంది. పెల్లెట్ ఇంకా గొట్టంలో ఉండగానే ఈ కుదుపు మొదలవుతుంది. అందుకని తుపాకీ ఎక్కడ ఆనిందీ, ఎంత బిగించి పట్టారన్నదీ గురిని మార్చేస్తుంది. గట్టి చెక్క మీద నేరుగా ఆనిస్తే మెత్తటి సంచి మీద తగిలినచోట తగలదు. పాపను సంచి మీద ఎడమ అరచెయ్యి తెరిచి పెట్టమనండి, ఆ అరచేతిలో తుపాకీ ఊరికే ఆనాలి. ట్రిగ్గర్ గార్డుకు కాస్త ముందు టేపు ముక్క అంటించండి, చెయ్యి ప్రతిసారీ అక్కడే. వేళ్ళు బిగించొద్దు. మీరూ అలాగే పట్టండి.

తర్వాత స్టాక్ స్క్రూలు. ముప్ఫై ఏళ్ళు ఐ.సి.ఎఫ్‌లో (రైలు పెట్టెల కర్మాగారం) బోల్టులు బిగించినవాణ్ణి, నాకు ముందు అనుమానం వచ్చేది వీటిమీదే. ముందు కర్రకు అటొకటి ఇటొకటి, ట్రిగ్గర్ గార్డు దగ్గర ఒకటో రెండో ఉంటాయి. మన ఊరి వాన గాలికి చెక్క ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. దానికి ప్రతి దెబ్బా తోడవుతుంది. పావు చుట్టు వదులైనా గురి తిరుగుతుంది. తుపాకీలో పెల్లెట్ లేదని చూసుకుని ఒక్కొక్కటే తీయండి. మరలు స్పిరిటుతో తుడిచి, మరలు వదులు కాకుండా పట్టే నీలం రంగు థ్రెడ్‌లాకర్ జిగురు ఒక్క చుక్క వేసి బిగించండి. మణికట్టు బలం చాలు, తల చెక్కలోకి దిగిపోయేలా తిప్పొద్దు.

స్కోపును పట్టే మౌంటు వెనక అంచుకు ఆనించి, అది కూర్చునే రైలు (తుపాకీ మీది పట్టా) మీద పెన్సిల్ గీత గీయండి. ఇరవై పెల్లెట్లు కాల్చాక చూడండి. మౌంటు గీత మీదికి ఎక్కిందా, వెనక్కి జారుతోందన్నమాట. అలా అయితే రైలు మీద నూనె తుడిచి, మౌంటు కింది పిన్ను తుపాకీ మీది గుంటలో కూర్చుందో లేదో చూసి, స్క్రూలు మార్చి మార్చి బిగించండి. స్ప్రింగ్ తుపాకీకి అని చేసిన స్కోపేనా అన్నది కూడా చూసుకోండి. రెండువైపులా తన్నే దెబ్బను మామూలు స్కోపులు ఎక్కువకాలం ఓర్చుకోవు.

ఇక కన్ను. చాలా స్కోపుల్లో పారలాక్స్ 100 గజాలకు కట్టేసి ఉంటుంది, అంటే ఆ దూరంలో తప్ప కన్ను జరిగితే గురీ జరిగినట్టు కనిపిస్తుంది. మీ లెన్స్ 40 మిల్లీమీటర్లది. 10 మీటర్ల దూరంలో కన్ను ఒక అంచుకు జరిగితే గురి 17, 18 మిల్లీమీటర్ల దాకా తప్పొచ్చు. తుపాకీని సంచి మీద కదలకుండా ఉంచి, తల మాత్రం కొంచెం అటూ ఇటూ ఆడించండి, కార్డు మీద గీతలు తేలుతూ కనిపిస్తాయి. పాప చెంప మీ చెంప ఆనినచోట ఆనదు, కాబట్టి మీరు చేసిన జీరో పాపకు చెల్లదు. స్టాక్ మీద పాప చెంపకు తగ్గట్టు మెత్త కట్టి, తన కంటితో తననే జీరో చెయ్యమనండి.

బ్యారెల్ మడతపడే చోట పక్కలకు ఊగుతోందేమో చేత్తో కదిపి చూడండి, ఊగితే పివట్ బోల్టు బిగించాలి. నూనె మాత్రం ఇంకెప్పుడూ పొయ్యకండి. లోపల గాలి ఒత్తిడికి కాగిపోయి అది అంటుకుంటుంది. మీరు విన్న చప్పుడూ చూసిన పొగా అదే.

విల్లివాక్కం_నాన్న:

బాబాయ్ గారూ, నాలుగు రోజులు వరసగా చూశాను. కుడివైపు స్క్రూ వేలితోనే తిరిగింది! పెన్సిల్ గీత కూడా పనిచేసింది, ఇరవై పెల్లెట్లకు మౌంటు అర మిల్లీమీటరు వెనక్కి వచ్చింది. పిన్ను గుంటలో కూర్చోనే లేదు. కొత్తది తెచ్చినరోజే నేనే అలా బిగించి ఉంటాను.

రెండూ సరిచేశాక కూడా అమ్మాయికి ఒక సెంటీమీటరు కుడికే పోయింది. పలక తీసేసి సంచి పెట్టాం, చెంపకు పాత చీర మడతపెట్టి కట్టాం. తల ఆడించి చూడమంటే "అయ్యో, గీతలు ఈదుతున్నాయి నాన్నా" అని అరిచింది. తనే జీరో చేసుకుంది. నిన్న సాయంత్రం 20 కాల్చింది. కార్డు మీది నలుపు 30.5 మిల్లీమీటర్లే కదా, 18 అందులోనే పడ్డాయి. అంతకుముందు చాలావరకు బయట రెండో రింగులో ఉండేవి.

నాకు మాత్రం తన జీరోతో ఇంకా ఎడమకే పోతోంది.

పాత_ఫిట్టర్:

పోనివ్వండి. ఆ తుపాకీ ఇక పాపది. మీ తేడా ఎన్ని క్లిక్కులో చీటీ మీద రాసుకోండి, కాల్చాక తిరిగి వెనక్కి తిప్పెయ్యండి. స్క్రూలు ప్రతి ఆదివారం చూడండి. పాప మ్యాచీల దాకా వెళ్తానంటే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్లో స్కోపు ఉండదు, చిన్న రంధ్రంలోంచి చూసే సైట్లే. అక్కడ పది రింగు అర మిల్లీమీటరు చుక్క. పట్టు మీద ఇప్పుడు పెట్టిన శ్రద్ధ అప్పుడు పనికొస్తుంది.

విల్లివాక్కం_నాన్న:

స్క్రూ తల మీంచి చెక్క మీదికి కలిపి తెల్ల నెయిల్ పాలిష్‌తో గీత గీసింది మా అమ్మాయి. కదిలితే గీత విరుగుతుందట. ఈ రోజు నేను ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే టార్చి వేసి చూసొచ్చి చెప్పింది: "కదల్లేదు నాన్నా."