ఎత్తే వంతెన: పడవ హారన్ కొట్టినప్పుడా, గడియారం కొట్టినప్పుడా?

రోడ్డుపక్షం:
నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే సరిగ్గా నా ముందే వంతెన గేటు పడింది. పదకొండు నిమిషాలు ఆగాను. వెనక కనుచూపు మేర బండ్లే. ఇంతకీ కింద పోయిందేమిటంటే ఒక్క తెరచాప పడవ. అందులో ఇద్దరు మనుషులు, ఒక కుక్క. ఆ కుక్క మావైపే చూసుకుంటూ పోయింది! ఇద్దరి షికారు కోసం ఇంతమందిని ఆపడమేమిటి? వంతెనకి టైంటేబుల్ పెట్టాలి, రద్దీ వేళ అసలు ఎత్తకూడదు. ఇదీ నా వాదన.

పాత సరంగు:
కోపం వస్తుంది లెండి. కానీ నది ముందునుంచీ దారే, దానికి అడ్డంగా వచ్చింది వంతెన. లండన్ టవర్ బ్రిడ్జి 1894లో మొదలైంది. 24 గంటల ముందు చెబితే ఇప్పటికీ పైసా తీసుకోకుండా ఎత్తుతారు. 1997లో అప్పటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్ కాన్వాయ్ సగం అటు, సగం ఇటు చిక్కుకుపోయింది కూడా ఒక తెరచాప బార్జి (అడుగు చదునుగా ఉండే సరుకు పడవ) కోసమే.

ఇక బ్రేకు సంగతి. మీరు కాలు నొక్కితే కారు ఆగుతుంది. సరుకు బార్జీలను తోసుకుంటూ ప్రవాహం వాలున వచ్చే టగ్ బోటుకి ఆ సుఖం లేదు. ఇంజను వెనక్కి తిప్పినా నీళ్లు ముందుకే తోస్తాయి. మరీ నెమ్మదిస్తే చుక్కాని మాట వినదు, బార్జి అడ్డం తిరిగి స్తంభాన్ని గుద్దుతుంది.

రోడ్డుపక్షం:
టగ్ బోటుని నేనేమీ అనలేదే! ఆ కుక్క పడవ సంగతి చెప్పండి.

వంతెన గదిలో పనిచేశాను:
అమెరికా రూల్స్ ఆ తేడా చూపిస్తాయి. అక్కడ పడవ ఒక పొడుగు హారన్, ఒక పొట్టి హారన్ కొడితే తెరవమని అడిగినట్టు. తెరుస్తామంటే వంతెన కూడా అలాగే కొడుతుంది, కుదరదంటే ఐదు పొట్టివి. చాలాచోట్ల రద్దీ వేళ షికారు పడవలకు తెరవరు, మిగతా సమయంలో అరగంటకో గంటకో ఒకసారి. సరుకు లాగే టగ్గులకు చాలావరకు మినహాయింపు ఉంటుంది. ఇంకోటి, యాంటెన్నా లాంటిది దించితే కింద నుంచి పట్టే పడవ, అది దించకుండా వంతెన ఎత్తమనకూడదు. ఈ ఒక్క రూల్ గట్టిగా పాటిస్తే సగం గొడవ ఉండదని నా అభిప్రాయం.

అలాగని టైంటేబుల్ సుఖమేం కాదు. అరగంటకి పది పడవలు పోగవుతాయి. ప్రవాహానికి ఎదురు నిలవలేక గుండ్రంగా తిరుగుతుంటాయి, అందరి కళ్లూ గడియారం మీదే. తెరవగానే ఒక్క సందులోకి అందరూ దూరతారు. పైన కూర్చున్న నాకు టెన్షన్!

అంబులెన్స్ నడిపినవాణ్ణి:
అత్యవసర వాహనం వస్తోందని చెబితే అది చేరేసరికి వంతెన దించి ఉంచేందుకు వీలైనంత ప్రయత్నించాలని కూడా అక్కడి రూల్స్‌లో ఉంది. కానీ సగం దూరిన పడవ మీద వంతెన దించలేరు కదా. టైములు ముందే తెలిస్తే కనీసం వేరే దారి పడతాం. నా ఓటు టైంటేబుల్‌కే. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నేవా నది వంతెనలు రాత్రి నిర్ణీత వేళలకే లేస్తాయి, ఓడలే ఆగుతాయి.

పాత సరంగు:
రాత్రి దాకా ఆగడానికి అక్కడ చోటుంది, సరే. లోతు తక్కువ నదిలో బరువు ఓడ సముద్రపు పోటుకి నీళ్లు పెరిగినప్పుడే కదలాలి. పోటు మీ ఆఫీసు టైం చూసుకుని వస్తుందా?

రోడ్డుపక్షం:
పోటు పట్టిక ఏడాది ముందే అచ్చవుతుంది కదండీ. దాన్ని చూసే బరువు ఓడలకు వంతెన టైములు వేయమనండి. టగ్గు హారన్ కొడితే నోరుమూసుకుని ఆగుతాను. షికారు పడవలకు మాత్రం అరగంటకొకసారే, రద్దీలో లేదు. ఆ కుక్కకి కూడా చెప్పండి.