పాత భోషాణం కొనవచ్చా?

కొత్త ఇంటికి పాతకాలపు చెక్క సామాను కొనాలని ఎంతో ఆశగా ఉంది. అమ్మమ్మగారింట్లో ఇత్తడి బొడిపెల భోషాణం ఉండేది, పంపకాల్లో ఎటో పోయింది. అచ్చం అలాంటిదే మొన్న గురువారం హైదరాబాద్ జుమ్మెరాత్ బజారులో కనిపించింది. వందేళ్ల నాటి బర్మా టేకు అన్నారు. కానీ అడుగున ప్లైవుడ్, కొత్త మరమేకులు ఉన్నాయి. పక్క చెక్కకు సన్నని రంధ్రాలు. తడితే పిండి రాలింది. పుచ్చును ఆపే మార్గం ఉందా, వదిలేయడమే మేలా? మనసు మాత్రం దాని మీదే ఉంది.

కింద పరచడానికి వరంగల్ జంపఖానా కూడా కావాలి. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన నేత అది. ముడుల తివాచీ అయితే తిరగేసి చూస్తే చేతిపనో కాదో తెలుస్తుంది. రెండు వైపులా ఒకేలా ఉండే జంపఖానా చేతినేతో కాదో ఎలా గుర్తుపట్టాలి? తెలిసినవారు దయచేసి చెప్పండి. వచ్చే గురువారంలోగా తేల్చుకోవాలి.