సోలోలో ఆలోచిస్తే వెనకబడుతున్నాను, ఆలోచన ఆపితే పాత లిక్కులే వస్తున్నాయి

ఆరుతీగలు:

అందరికీ నమస్కారం. గిటార్ మీద ఎనిమిదేళ్లు రాక్, బ్లూస్ వాయించాక జాజ్‌లోకి వచ్చాను, ఇప్పటికి నాలుగేళ్లయింది. టూ-ఫైవ్-వన్ లైన్లు, అంటే జాజ్‌లో తరచూ వచ్చే మూడు కార్డ్‌ల (కలిపి మోగే స్వరాల) వరస మీద కట్టేవి, పన్నెండు కీలలోనూ (శ్రుతులలోనూ) సాధన చేశాను, కార్డ్ స్వరాలను ఒక్కొక్కటిగా మీటే ఆర్పెజియోల మీద చెయ్యి తిరిగింది, గదిలో ఒక్కణ్ణే బ్యాకింగ్ ట్రాక్ పెట్టుకుని నెమ్మదిగా వాయించుకుంటే నాకే ముచ్చటేస్తుంది. నలుగురితో కలిసి జామ్‌లో కూర్చుంటే మాత్రం బుర్రలో ఒకడు కామెంటరీ మొదలుపెడతాడు. ఇదిగో జీ సెవెన్ వస్తోంది, ఆల్టర్డ్ స్కేల్ వాడు, తర్వాత సీ మేజర్, మూడో స్వరం మీద దిగు, అని. వాడి మాట పూర్తయ్యేసరికి ఆ కార్డ్ వెళ్లిపోయి రెండు బీట్లయి ఉంటుంది.

పోయిన నెల ఒక జామ్‌లో ఏదైతే అదైందని అసలు ఆలోచించకూడదని నిర్ణయించుకుని వాయించాను. వాయిస్తున్నంతసేపు హాయిగా ఉంది, నిజంగా చాలా హాయిగా ఉంది, చేతులు వాటంతట అవే పరిగెత్తాయి. ఇంటికొచ్చి రికార్డింగ్ వింటే ఒకే లిక్ (అలవాటైన చిన్న స్వరాల ముక్క) మూడు కోరస్‌లలో, అంటే పాట మూడుసార్లు తిరిగేలోపు, ఐదుసార్లు వాయించాను, అందులో రెండుసార్లు కార్డ్‌తో సంబంధమే లేదు. రాక్ రోజుల్లోని పెంటటానిక్ (ఐదు స్వరాల స్కేల్) పరుగులు కూడా మధ్యలో వచ్చి చేరాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పెద్ద పెద్ద వాళ్లందరూ సోలోలో ఏమీ ఆలోచించమనే చెబుతారు కదా. నేను ఆలోచన ఆపితే వచ్చింది ఇది. మరి వాళ్లు ఆపేది ఏమిటి, నేను ఆపింది ఏమిటి?

ఘోస్ట్‌నోట్:

ముందు ఒక లెక్క చూడండి, దాంతో సగం టెన్షన్ తగ్గుతుంది. టెంపో నిమిషానికి 200 బీట్లు అనుకుందాం, వరసగా ఎయిత్ నోట్స్, అంటే బీట్‌కి రెండు స్వరాలు వాయిస్తున్నారు. నిమిషానికి 400 స్వరాలు, అంటే సెకనుకు ఆరున్నర పైనే, ఒక్కో స్వరానికి దక్కేది 0.15 సెకను. నాలుగు బీట్ల బార్ మొత్తం కలిపి 1.2 సెకన్లు. ఆ కాస్త వ్యవధిలో కార్డ్ పేరు తలచుకుని, స్కేల్ ఎంచుకుని, అది ఏ ఫ్రెట్ దగ్గరుందో వెతికి, అందులోంచి ఒక మంచి లైన్ కట్టడం ఎవరి వల్లా కాదు. గొప్ప వాయిద్యకారులు మనకంటే వేగంగా ఆలోచిస్తున్నారని అనుకుంటాం గానీ వాళ్లు ఆలోచించేది వేరే కొలతలో. ఒక్కో స్వరం గురించి కాదు, నాలుగు బార్ల వాక్యం గురించి.

మనం మాట్లాడేటప్పుడు ఇదే జరుగుతుంది. ఇల్లు అనే మాట ఇంటికి, ఇంట్లో, ఇళ్లు, ఇళ్లల్లో అని ఎన్ని రకాలుగా మారుతుందో చూడండి, మాట్లాడుతూ మధ్యలో ఆగి ఇక్కడ ఏ రూపం వేయాలి అని ఎవరైనా చూసుకుంటారా? చూసుకోం. కానీ ఎదుటివాడికి ఏం చెప్పాలో మాత్రం తెలుసు, వాడి ముఖం చూసి మాట మారుస్తాం కూడా. మీరు ఆ రోజు ఆపేసింది వ్యాకరణం ఒక్కటే కాదు, ఏం చెప్పాలన్న ధ్యాస కూడా ఆపేశారు. అందుకే నోటికి అలవాటైన మాటలే దొర్లాయి.

2008లో ఛార్లెస్ లిమ్, అలన్ బ్రాన్ అనే ఇద్దరు పరిశోధకులు ఆరుగురు జాజ్ పియానో కళాకారులను మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి చిన్న కీబోర్డ్ ఇచ్చి వాయించమన్నారు. బట్టీపట్టిన సంగీతం ఒకసారి, అప్పటికప్పుడు పుట్టించినది ఒకసారి. ఇంప్రొవైజ్ చేస్తున్నప్పుడు, మనల్ని మనం కనిపెట్టుకుని సరిదిద్దుకునే పనితో ముడిపడిన మెదడు ముందు భాగంలో, పక్కలకుండే ప్రాంతం నెమ్మదించింది. అదే ముందు భాగంలో మధ్యగా ఉండే ఇంకో ప్రాంతం మాత్రం చురుకైంది. ఆరుగురితో చేసిన చిన్న ప్రయోగం, వాళ్లూ గిటారిస్టులు కాదు, అయినా నాకు ఇందులో ముఖ్యమైన సంగతి కనిపిస్తుంది. మెదడు మొత్తం ఖాళీ అవ్వలేదు. తప్పులు పట్టేవాడు కూర్చున్నాడు, ఇంకొకడు లేచాడు.

ఒకటే తీగ:

ఘోస్ట్‌నోట్ అన్నా, మీరు రాసింది అంతా నిజమే గానీ దానితో ఆయన రేపు గిటార్ తీసి ఏం చేయాలో తెలియదు. పైగా ఇందులో గిటార్‌కి మాత్రమే ఉన్న తిప్పలు కొన్ని ఉన్నాయి, అవి చెప్పకపోతే లాభం లేదు.

మొదటి తీగ ఓపెన్‌గా మీటితే వచ్చే స్వరమే రెండో తీగ మీద అయిదో ఫ్రెట్ దగ్గర ఉంది, మూడో తీగ మీద తొమ్మిదో ఫ్రెట్ దగ్గర, నాలుగో తీగ మీద 14, అయిదో తీగ మీద మీ గిటార్‌కి అన్ని ఫ్రెట్లుంటే 19. పియానోలో ఒక స్వరానికి ఒకటే చోటు. మనకి ఇన్ని చోట్లు కాబట్టి స్వరాన్ని స్వరంగా కాక, ఒక బొమ్మగా, వేళ్ల ఆకారంగా గుర్తుపెట్టుకుంటాం. ఆ ఆకారాన్ని ఏ కీకి కావాలంటే ఆ కీకి జరిపేయొచ్చు, చెవితో పనే లేకుండా. పన్నెండు కీలలో లైన్లు వచ్చన్నారు కదా, ఆ పన్నెండింటిలో చెవికి తెలిసినవి ఎన్ని, వేళ్లకు మాత్రమే తెలిసినవి ఎన్ని? నన్ను అడిగితే నాకు చాలా ఏళ్లపాటు అన్నీ వేళ్లకే తెలుసు.

రెండోది ఊపిరి. శాక్సోఫోన్ వాయించేవాళ్లకి ఊపిరి అయిపోతే వాక్యం ఆగుతుంది, ఆగిన చోట ఆలోచన పుడుతుంది. గిటార్‌కి ఆ అడ్డు లేదు, ఎంతసేపైనా వాగుతూ పోవచ్చు. మీ చేతులు పరిగెత్తాయని రాశారు చూడండి, ఆ మాట దగ్గరే నాకు విషయం అర్థమైంది.

అందుకని నా సలహా పాడమని. గిటారిస్ట్ జార్జ్ బెన్సన్ సోలో వాయిస్తూ అదే లైన్‌ని గొంతుతో కలిపి పాడటం మీరు వినే ఉంటారు. జాజ్ పియానిస్ట్, గురువు లెనీ ట్రిస్టానో శిష్యులు రికార్డుల్లోని సోలోలను వాద్యం ముట్టుకోకముందే గొంతుతో పాడి చూపించాలి, శాక్సోఫోన్ వాయించే లెస్టర్ యంగ్ సోలోల లాంటివి. గొంతు బాగుండక్కర్లేదు. గిటార్ ఒళ్లో పెట్టుకుని రెండు బార్లు పాడండి, ఆ పాడినదాన్ని వెతికి వాయించండి, మళ్లీ రెండు బార్లు. ఒక తీగ మీదే. నిజంగానే రెండో తీగ ఒక్కదాని మీదే మొత్తం కోరస్ వాయించండి. అక్కడ మీ ఆకారాలేవీ పనిచేయవు, పెంటటానిక్ పెట్టె ఉండదు, స్వరం ఎంత దూరంలో ఉందో చెవి చెప్పాల్సిందే. మొదట్లో సోలో చాలా పేదగా ఉంటుంది, నాలుగు స్వరాలు, పెద్ద ఖాళీ, మళ్లీ మూడు స్వరాలు. భయపడకండి. ఆ నాలుగూ మీవి.

వాకింగ్‌బేస్:

నేను బేస్ వాయిస్తాను, చిన్న మాట చెప్పి పోతాను. గోల్ఫ్ ఆటగాళ్ల మీద చేసిన ప్రయోగాల్లో ఆటలో ఆరితేరినవాళ్లని మీ చేతి కదలిక మీద దృష్టి పెట్టండి అంటే వాళ్ల ఆట చెడిపోయింది, కొత్తగా నేర్చుకునేవాళ్లకి అలా చెడలేదు. సోలోలో మీ వేళ్లను చూడటం మానేసి నా వైపు చూడండి. నిజంగా చెబుతున్నాను, గిటారిస్ట్ డ్రమ్స్‌లోని రైడ్ సింబల్‌నీ నా లైన్‌నీ వింటున్నాడా లేదా అన్నది నాకు రెండు బార్లలో తెలిసిపోతుంది. వింటున్నవాడు తప్పు స్వరం వాయించినా దాన్ని నేను పట్టుకుని ఎక్కడికో తీసుకెళ్లగలను. విననివాడు అన్నీ కరెక్టుగా వాయించినా మేం చేయగలిగింది ఏమీ ఉండదు. బుర్రలో కామెంటరీ ఆపడం కష్టం, చెవికి వేరే పని ఇవ్వడం తేలిక.

ఆరుతీగలు:

అందరికీ చాలా థ్యాంక్స్. ఒకటే తీగ గారూ, మీరు అడిగిన ప్రశ్న తగలాల్సిన చోట తగిలింది. నిన్న కూర్చుని చూశాను, పన్నెండులో పాడగలిగినవి రెండే.

ఇంకో అనుమానం. ఒక తీగ మీద పాడుతూ వాయిస్తే బ్లూస్‌లో బాగుంది గానీ కార్డ్‌లు రెండేసి బీట్లకు మారే చోట గొంతు కార్డ్‌ని వదిలేసి ఎటో వెళ్లిపోతోంది. అక్కడైనా ఆలోచించాలి కదా? ఇంకా, లిక్కులు ఇక మొత్తానికి మానేయాలా?

ఘోస్ట్‌నోట్:

లిక్కులు మానేయకండి, దయచేసి. గిటారిస్ట్ వెస్ మాంట్‌గోమరీకి సంగీతం రాసిన కాగితం చదవడం రాదు. ఆయన తనకు ముందటి గిటారిస్ట్ చార్లీ క్రిస్టియన్ రికార్డులు విని ఆ సోలోలను చెవితో స్వరం స్వరం పట్టుకుని నేర్చుకున్నాడు, మొదట్లో అవే వాయించేవాడు. ఆ తర్వాతే ఆయన సోలో కట్టే పద్ధతి స్థిరపడింది, ముందు విడి స్వరాలు, తర్వాత ఆక్టేవ్‌లు (ఒకే స్వరం పై స్థాయిలో, కింది స్థాయిలో కలిపి), చివర్లో బ్లాక్ కార్డ్‌లు (స్వరాలు గుత్తిగా). వినండి, ఆయన చాలా సోలోల్లో ఆ మూడు అంచెలూ తెలుస్తాయి. మొత్తం సోలో ఎటు పోవాలో ముందే ఒక ఆకారం ఉంటే ఈ క్షణంలో ఏ స్వరం అన్న బెంగ తగ్గుతుందని నాకనిపిస్తుంది. ఇతరుల మాటలు అరువు తెచ్చుకోవడంలో తప్పు లేదు, చెవితో తెచ్చుకున్నవైతే. కాగితం మీదనుంచి వేళ్లలోకి నేరుగా దిగినవే మీకు ఐదుసార్లు అడ్డొచ్చాయి.

పాతగిటారు:

తమ్ముడూ, కార్డ్‌ల సంగతి నేను చెబుతాను. ముప్పై ఏళ్లకు పైగా ఈ పనిలో ఉన్నాను, చిన్న చిన్న చోట్ల వాయించినవాణ్ణే.

డీ మైనర్ సెవెన్, జీ సెవెన్, సీ మేజర్ సెవెన్ తీసుకో. మొదటిదాంట్లో ఉన్న సీ స్వరం జీ సెవెన్‌కి రాగానే అర మెట్టు దిగి బీ అవుతుంది. రెండింట్లోనూ ఎఫ్ ఉంది, అది సీ కార్డ్‌కి రాగానే అర మెట్టు దిగి ఈ అవుతుంది. ఈ రెండు జారుళ్లే ఆ మూడు కార్డ్‌ల కథంతా. ఆల్టర్డ్ స్కేల్ అదీ ఇదీ తర్వాతి అలంకారం. ఈ రెండు జారుళ్లను మాత్రమే పొడుగు స్వరాలుగా, మొత్తం పాట కార్డ్‌లన్నిటి మీదా నెమ్మదిగా పాడు, తర్వాత వాయించు. అవి చెవిలో ఇంకితే గొంతు కార్డ్‌ని వదలదు, ఎందుకంటే కార్డ్ పేరు నువ్వు గుర్తుపెట్టుకోవాల్సిన అవసరమే పోతుంది, స్వరమే దిగాలని లాగుతుంది. ఆలోచన ఆపడం అని మీరంటున్నది ఇదేనేమో, ఆ లాగుడు నాకు వినిపించిన రోజు నుంచి నా బుర్రలో కామెంటరీ చాలావరకు తగ్గింది, దానికి నేను వేరే ప్రయత్నం ఏమీ చేయలేదు.

ఇంకోటి, పాట మెలొడీని పారేయకు. ట్రిస్టానో శిష్యుడు, శాక్సోఫోన్ వాయించే లీ కోనిట్జ్ పది మెట్ల సాధన చెప్పేవాడు. మొదటి మెట్టు పాటను ఉన్నదున్నట్టు వాయించడం, తర్వాత ప్రతి మెట్టులో కాస్త కాస్త మార్చుకుంటూ పదో మెట్టుకి పూర్తిగా కొత్త మెలొడీ. చాలామంది నేరుగా పదో మెట్టు మీదకి దూకుతారు. నేనూ దూకాను, పదేళ్లు పోయాయి.

ఇక నువ్వు అడిగిన, ఏమీ ఆలోచించని ఆ స్థితి గురించి. వేళ్లు ఏం చేస్తున్నాయో తెలియకుండా, కానీ ప్రతి స్వరమూ నాకు ముందే వినిపిస్తూ వాయించిన రాత్రులు నా జీవితంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆహా వచ్చేసింది అని అనుకున్న క్షణంలోనే అది పోతుంది. పిలిస్తే రాదు. అది రాని రాత్రి కూడా వాక్యం వాక్యంగా, విని వాయిస్తే సోలో బాగానే ఉంటుంది. జనానికి తేడా తెలియదు కూడా, నాకే తెలుస్తుంది. మొదట్లో అది రాని ప్రతి రాత్రీ ఏడుపొచ్చేది, ఇప్పుడు రావట్లేదు.

వేళ్లు కట్టేసుకోవడం కూడా ప్రయత్నించు. గిటారిస్ట్ జాంగో రైన్‌హార్ట్‌కి 1928లో తను ఉండే కారవాన్ (బండి ఇల్లు) అంటుకుని ఎడమ చేతి రెండు వేళ్లు దెబ్బతిన్నాయి, ఆ తర్వాత సోలో లైన్లు దాదాపుగా మిగిలిన రెండు వేళ్లతోనే వాయించాడు. మనకు ఆ కష్టం అక్కర్లేదు, రోజుకి పది నిమిషాలు రెండు వేళ్లతో వాయిస్తే చాలు, అలవాటైన పరుగులు అన్నీ విరిగిపోతాయి.

ఆరుతీగలు:

మూడు వారాల తర్వాత వస్తున్నాను. రోజూ గంట, అందులో సగం గొంతే. ఆ జారుళ్లు పాడటం మొదటి వారం విసుగ్గా అనిపించింది, రెండో వారం చివర్లో ఒక రోజు బయట నడుస్తుంటే ఎఫ్ నుంచి ఈకి దిగడం దానంతటదే వినిపించింది. అక్కడే నిలబడిపోయాను.

నిన్న జామ్. 32 బార్ల పాట, మధ్యలో వేరే మెలొడీతో బ్రిడ్జ్ అనే భాగం ఉన్న రకం. మొదటి కోరస్ మెలొడీకి దగ్గరగానే ఉన్నాను. రెండో కోరస్‌లో, మొదటి ఎనిమిది బార్లు అయ్యాక అనుకుంటా, బేస్ వింటూ వింటూ కామెంటరీ ఎప్పుడు ఆగిందో తెలియదు. పాత లిక్ ఒకటి వచ్చింది, కానీ సగంలో వంగి వేరే చోటికి వెళ్లింది, అలా నేను ఎప్పుడూ వాయించలేదు. పాతగిటారు అన్నా, మీరన్నట్టే వచ్చింది అనుకున్నాను, వెంటనే పోయింది. పోవడమే కాదు, 17వ బార్‌లో బ్రిడ్జ్ వచ్చిందని కూడా గమనించలేదు, రెండు బార్లు వేరే కీలో ఉన్నాను. బేస్ వాయించే అతను రూట్ స్వరాన్ని (కార్డ్ మూల స్వరాన్ని) గట్టిగా మీటి నన్ను లాక్కొచ్చాడు.

వాకింగ్‌బేస్:

చూశారా, వింటున్నారు కాబట్టే రెండు బార్లలో తిరిగొచ్చారు. బ్రిడ్జ్ మెలొడీని విడిగా పాడండి, ముందు ఎనిమిది బార్ల చివరి స్వరం నుంచి బ్రిడ్జ్ మొదటి స్వరానికి వెళ్లే ఆ ఒక్క అడుగునే ఓ వందసార్లు. రికార్డింగ్ ఉంటే పెట్టండి, ఆ వంగిన లిక్ వినాలని ఉంది.