యూపీఎస్‌సీ ఇంటర్వ్యూ తెలుగులో ఇవ్వాలా, ఇంగ్లీషులోనా?

పాలమూరు_కుర్రోడు:
మెయిన్స్ తెలుగులోనే రాశాను. ఆప్షనల్ కూడా తెలుగు సాహిత్యమే. పిలుపు వస్తుందని ఆశ. కోచింగ్ సారేమో "ఇంగ్లీషులో ఇవ్వు, దుభాషిని పెట్టుకుంటే బోర్డు చిన్నచూపు చూస్తుంది" అంటున్నారు. రూమ్మేటు "తెలుగులోనే కొట్టెయ్" అంటాడు. మొత్తం 2025 మార్కుల్లో ఇంటర్వ్యూవి 275. ర్యాంకు తారుమారయ్యేది అక్కడే. ఇంగ్లీషు పేపర్ రోజూ చదువుతా, అర్థమవుతుంది. నోరు తెరిస్తే మాత్రం గొంతు పట్టేస్తుంది. ఏం చేయమంటారు?

గోదారిగట్టు:
ఇందులో ఆలోచించడానికేముంది తమ్ముడూ? 2016 సివిల్స్‌లో మూడో ర్యాంకు తెచ్చుకున్న రోణంకి గోపాలకృష్ణ గారు పరీక్ష తెలుగులో రాసి, ఇంటర్వ్యూ కూడా దుభాషి సాయంతో తెలుగులోనే ఇచ్చారు. శ్రీకాకుళం జిల్లా పల్లె నుంచి వచ్చిన టీచరు ఆయన. బోర్డుకు చిన్నచూపే ఉంటే ఆ ర్యాంకు వచ్చేదా?

రెండో_అటెంప్ట్:
ఎప్పుడు ఈ మాట వచ్చినా ఆయన పేరే చెబుతారు. ఇన్నేళ్లయినా ఇంకో పేరు చటుక్కున నోటికి రావట్లేదంటే ఆలోచించాలి కదన్నా.

నా సంగతి చెబుతా. ఒక మాక్ (నమూనా) ఇంటర్వ్యూలో తెలుగు ఎంచుకున్నా, ఫ్రెండు దుభాషిగా కూర్చున్నాడు. "మీ జిల్లాలో భూమి గొడవలు ఎందుకు తెగవు?" అని అడిగారు. నాకు కొట్టిన పిండి. సాదాబైనామా గురించి ఎత్తుకున్నా: తెల్లకాగితం మీద రాసుకుని కొంటారు, రిజిస్ట్రేషన్ ఉండదు, దున్నేది ఒకడు, రికార్డులో పేరు ఇంకొకడిది, అమ్మినాయన పోయాక కొడుకులు అడ్డం తిరుగుతారు... గుక్క తిప్పుకోకుండా చెప్పేశా. మావాడు ఇంగ్లీషులో అన్నది ఒక్కటే వాక్యం: కాగితాలు సరిగ్గా లేవట. ప్యానెల్ పెద్దాయన తలూపి వేరే ప్రశ్నకు వెళ్లిపోయారు. నా దగ్గరున్న ఒక్క మంచి జవాబూ అలా గాలికి పోయింది. ఆ తర్వాత ఇంగ్లీషుకు మారిపోయా.

బెజవాడ_బుజ్జి:
అన్నా, అది దుభాషి తప్పు కాదు, నీదే :) ఏడు వాక్యాలు ఒకేసారి గుమ్మరిస్తే ఎవరికి గుర్తుంటాయి? రెండు వాక్యాలు చెప్పి ఆగాలి. ఆయన చెప్పాక మళ్లీ రెండు. ఇది విడిగా ప్రాక్టీస్ చేయాల్సిన పని, మనమెవరం చేయం. సాదాబైనామా లాంటి మాట అనగానే అదేంటో అర వాక్యంలో మనమే విప్పి చెప్పాలి. పక్కాయనకు ఆ మాట తెలుసనుకోవడం ఎందుకు?

ఇంగ్లీషు వైపు కూడా చూశా నేను. నా మాక్ వీడియో చూసుకుంటే ఏడుపొచ్చింది. చెప్పాలనుకున్నది పక్కనపెట్టి, ఇంగ్లీషులో వచ్చిన నాలుగు ముక్కలే తిప్పి తిప్పి చెప్పాను. మా ఊరి చెరువు గురించి అడిగితే "గుర్రపుడెక్క" అనే మాటకు ఇంగ్లీషు తట్టక, చెరువులో నీళ్లు తగ్గాయని ఏదో అనేశా. అసలు సమస్య నీళ్లే కాదు!

గ్రూప్స్_బాబాయ్:
నేను ఇంగ్లీషు పక్షం. రేపు నాగాలాండ్ కేడర్ ఇస్తే అక్కడ తెలుగులో ఫైలు రాస్తావా నాయనా? ఇంకోటి, తెలంగాణలో 2022లో గ్రూప్-1 ఇంటర్వ్యూలు తీసేశారు. అక్కడ ప్రిపేరయ్యే పిల్లలకు బోర్డు ముందు కూర్చోవడమే కొత్త. కొత్త చోట మధ్యలో మూడో మనిషి కూడా ఎందుకు?

బెజవాడ_బుజ్జి:
బాబాయ్, ఫైళ్ల ఇంగ్లీషు వేరు, గొంతు పట్టేసే ఇంగ్లీషు వేరు. మెయిన్స్‌లో 300 మార్కుల ఇంగ్లీషు అర్హత పేపరు అందరూ గట్టెక్కాల్సిందే కదా. మాట్లాడటం ఉద్యోగంలో పడ్డాక వస్తుంది. ఇంటర్వ్యూలో అడిగేది మనం ఎలా ఆలోచిస్తామని.

గ్రూప్స్_బాబాయ్:
ఆలోచన కూడా నోటి గుండానే కదమ్మా బయటికొచ్చేది. సరే, నీతో నేను వాదించలేను.

పాలమూరు_కుర్రోడు:
అందరికీ థ్యాంక్స్. రాత్రి ఫోన్‌లో రికార్డు చేసి చూసుకున్నా. "మీ జిల్లా నుంచి వలసలు ఎందుకు?" అని నన్ను నేనే ప్రశ్నించుకున్నా. ఇంగ్లీషులో నలభై సెకన్లకు మాట ఆగిపోయింది, అందులో సగం "యాక్చువల్లీ"లే. తెలుగులో మూడు నిమిషాలు ఆగకుండా వచ్చింది. కానీ రూమ్మేటును ఇంగ్లీషులోకి మార్చమంటే, వాడు రెండో వాక్యం దగ్గరే చేతులెత్తేశాడు. వలస కూలీలకు మేస్త్రీ ముందే ఇచ్చే అడ్వాన్సు సంగతి పూర్తిగా ఎగిరిపోయింది. బుజ్జక్క చెప్పినట్టు రెండేసి వాక్యాలకు ఆగితే ఎలా ఉంటుందో చూడాలి. తెలుగు వైపే మొగ్గుతున్నా, ఇంకా ఖాయం చేసుకోలేదు.

ఈ ఆదివారం హైదరాబాద్‌ అశోక్‌నగర్ దగ్గర ఎవరైనా గంటసేపు దుభాషిగా కూర్చుంటారా? చాయ్, సమోసా నావి.

రెండో_అటెంప్ట్:
నేనొస్తా. సాదాబైనామా నేనే అడుగుతా.